డ్రైవర్ మళ్లీ బ్యాగులోకి: టీ షాట్‌లో దూరానికీ గురికీ లెక్క కుదిర్చిన ఒక కేసు

గోల్ఫ్ నేర్పే నా దగ్గరికి ఆయన వచ్చింది ఆగస్టులో, ముసురు పట్టిన ఒక పొద్దున. బ్యాగు దించగానే నా కంట పడింది ఒకటే: అందులో డ్రైవర్, అంటే బాల్‌ని అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్, లేదు.

"ఇంట్లో బీరువా వెనక ఉంది మాస్టారూ. దాన్ని ముట్టుకుని ఏడాది దాటింది" అన్నారు.

వయసు 63. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. గోదావరి జిల్లా మనిషి, హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. గోల్ఫ్ మొదలుపెట్టింది 52వ ఏట. హ్యాండిక్యాప్ 22, అంటే కోర్సుకి పెట్టిన లెక్క (పార్) కంటే సుమారు 22 స్ట్రోకులు ఎక్కువ పట్టే స్థాయి. వారానికి రెండు రౌండ్లు ఆడతారు. పొద్దున్నే నడుము కాస్త పట్టేస్తుంది తప్ప ఒంట్లో బాగానే ఉంటుంది. పేరు రాయను. మిగతాది ఆయన చదివి, సరేనన్నాకే రాస్తున్నాను.

డ్రైవర్ మీద ఆ అలకకు కారణం ఒకే ఒక్క హోల్. ఆయన ఆడే కోర్సులో 11వది, 405 గజాల పార్ 4 (నాలుగు స్ట్రోకుల్లో ముగించాల్సిన హోల్). కుడివైపు పొడవునా కాంపౌండ్ గోడ, అవతలంతా ఓబీ (ఔట్ ఆఫ్ బౌండ్స్, హద్దు బయట). ఒక ఆదివారం మంత్లీ మెడల్ అనే నెలవారీ పోటీలో వరసగా మూడు బాల్స్ గోడ దాటించారు. ఓబీ అయితే పడ్డ చోట డ్రాప్ చేసి ఆడటం కుదరదు కదా, ఒక పెనాల్టీ స్ట్రోకు కలుపుకుని మళ్లీ టీ మీదికే, హోల్ మొదలుపెట్టిన చోటికే, రావాలి. అంటే నాలుగో బాల్ ఏడో స్ట్రోక్. ఆ హోల్‌కి కార్డు మీద 11 పడింది. వెనక ఇంకో ఫోర్‌బాల్ (నలుగురి గుంపు) వాళ్లు నిలబడి చూస్తున్నారు. ఆ రోజు నుంచి ప్రతి పార్ 4, పార్ 5 టీ మీదా 22 డిగ్రీల హైబ్రిడ్డే (డ్రైవర్ కంటే పొట్టిది, తక్కువ దూరం పోయే క్లబ్).

తోటివాళ్లు మెచ్చుకున్నారు. బాల్ ఫెయిర్‌వేలో (హోల్ పొడవునా కురచగా కత్తిరించిన గడ్డిలో) పడుతోంది, బాల్స్ ఖర్చు తగ్గింది. స్కోరు మాత్రం కదల్లేదు. ఆయన్ని నా దగ్గరికి తెచ్చిన ప్రశ్న అదే: "ఫెయిర్‌వేలోనే ఆడుతున్నానండీ. మరి 97 నుంచి ఎందుకు దిగట్లేదు?"

ముందు లెక్క తీశాం

స్వింగ్ చూడకముందే ఆయనకో కాగితం ఇచ్చాను. పార్ 3లు వదిలేస్తే రౌండుకి 14 టీ షాట్లు (హోల్‌లో కొట్టే మొదటి షాట్లు). ఒక్కోదాన్నీ నాలుగు గళ్లలో ఒకదాంట్లో రాయాలి. ఫెయిర్‌వే ఒకటి. రఫ్‌లో (పక్కనుండే పొడుగు గడ్డిలో) ఉన్నా గ్రీన్ (గుంట ఉండే చోటు) వైపు మామూలుగా కొట్టగలిగితే రెండు. చెట్ల వెనకో రాళ్ల మధ్యో పడి, పక్కకు తీసుకోవడం తప్ప దారి లేకపోతే మూడు. పెనాల్టీ అయితే నాలుగు. రెండో షాట్‌కి ఎంత దూరం మిగిలిందో కూడా పక్కనే రాయమన్నాను.

నాలుగు రౌండ్లు అలాగే ఆడారు. మొత్తం 56 టీ షాట్లలో ఫెయిర్‌వే 38, ఆడదగ్గ రఫ్ 15, చిక్కు 2, పెనాల్టీ 1. స్కోర్లు 97, 99, 95, 98. సగటు 97 పైచిలుకు. 56లో 38 అంటే 68 శాతం. పీజీఏ టూర్ ఆటగాళ్ల ఫెయిర్‌వే సగటు 60 శాతం అటూ ఇటూ ఉంటుంది. ఆ ఒక్క గడి చూస్తే మా ఇంజనీరుగారు వాళ్లకంటే గురిగా ఆడుతున్నారు.

తిరకాసు పక్క వరసలో ఉంది. హైబ్రిడ్ గాల్లో 160 గజాలు పోయి, దొర్లి 172 దగ్గర ఆగుతోంది. 11వ హోల్‌లో ఇంకా 233 గజాలు మిగులుతున్నాయి. మిగిలిన పార్ 4లలో సగానికి సగం ఇదే వరస. అప్పుడు బ్యాగులోంచి ఏం తీస్తున్నారు? త్రీ వుడ్, డ్రైవర్ తర్వాత పొడవైన క్లబ్. టీ అనే చిన్న పుల్ల మీద ఎత్తుగా నిలబెట్టిన బాల్‌ని డ్రైవర్‌తో కొట్టడానికి భయపడి, నేల మీద అతుక్కున్న బాల్‌ని త్రీ వుడ్‌తో కొడుతున్నారు. ఆయన స్థాయి ఆటగాడికి రెండోదే కష్టం. ఆ కార్డుల్లో నేను చూసిన టాప్ షాట్లు (బాల్ నెత్తిన తగిలినవి), డఫ్‌లు (ముందే నేలకు తగిలినవి) ఎక్కువ భాగం అక్కడివే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ వేసిన స్ట్రోక్స్ గెయిన్డ్ లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది. పీజీఏ టూర్ 2011 నుంచి పుటింగ్‌కి వాడటం మొదలుపెట్టిన పద్ధతి అది. ఏ చోటి నుంచైనా హోల్ పూర్తి చెయ్యడానికి సగటున ఎన్ని స్ట్రోకులు పడతాయో కొలుస్తుంది. టూర్ ఆటగాళ్లకి ఫెయిర్‌వేలో 220 గజాల నుంచి సుమారు 3.3. రఫ్‌లో 180 గజాల నుంచి కూడా సుమారు 3.3. నలభై గజాలు ముందుకెళ్తే, రఫ్‌లో పడ్డ నష్టం తీరిపోతోందన్నమాట. అదే 180 గజాల దగ్గర చెట్ల వెనక ఇరుక్కుంటే 3.8 దాకా పోతుంది. ఓబీ అయితే ఏకంగా రెండు స్ట్రోకులు చేతులారా వదులుకున్నట్టే.

ఇవి ప్రొఫెషనల్స్ అంకెలు, మనవి కావు. కానీ వరస మనకూ అదే: ఫెయిర్‌వేకీ మామూలు రఫ్‌కీ తేడా చిన్నది, రఫ్‌కీ చిక్కుకీ తేడా పెద్దది, పెనాల్టీ అన్నిటికన్నా పెద్దది. నా కేసంతా ఈ ఒక్క మాట మీదే నడిచింది. టీ మీద గురి అంటే ఫెయిర్‌వేలు లెక్కపెట్టుకోవడం కాదు. మూడో గడీ నాలుగో గడీ ఖాళీగా ఉంచుకుంటూ ఎంత దూరం పోగలమన్నది.

నేను చేసిన తప్పు

డ్రైవర్ బీరువా వెనక నుంచి బయటికొచ్చింది. ప్రాక్టీస్ రేంజ్‌లో మొదటి పది బాల్స్‌లో ఏడు కుడికి వంగిపోయాయి. మామూలు స్లైస్. ఏళ్ల తరబడి అందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను: "ఎనభై శాతం బలంతో స్మూత్‌గా కొట్టండి సార్. దూరం కాస్త పోనివ్వండి, నేరుగా వస్తుంది."

మూడు వారాలు అలాగే ఆడించాను. నేరుగా రాలేదు. మూడో వారం ఆన్‌కోర్స్ లెసన్‌లో రెండు బాల్స్ పోయాక, ఆయనతో ఎప్పుడూ వచ్చే క్యాడీ బ్యాగు భుజానికెత్తుకుంటూ నాతో మెల్లగా అన్నాడు: "సార్ బాల్‌ని కొడ్తలేరు, ఆపుతున్నరు."

నేను మూడు వారాలుగా చూస్తూ చూడనిది అతను ఒక్క మాటలో చెప్పాడు. మర్నాడు లాంచ్ మానిటర్ (క్లబ్ వేగం, బాల్ దారి కొలిచే యంత్రం) పెట్టాను. పూర్తి బలంతో కొడితే క్లబ్ హెడ్ స్పీడ్ గంటకు 89 మైళ్లు. నేను చెప్పిన "ఎనభై శాతం"తో 82. వేగం తగ్గింది, గజాలు పదిహేను పైగా పోయాయి. బాల్స్ చెదిరే వెడల్పు మాత్రం ఇంచుమించు అంతే ఉంది. ఎందుకంటే ఆయన నెమ్మదిగా స్వింగ్ చెయ్యడం లేదు, బాల్ దగ్గరికొచ్చేసరికి బిగబట్టుకుంటున్నారు. చేతులు బిగుసుకుంటే క్లబ్ ఫేస్ (బాల్‌కి తగిలే ముఖం) మూసుకోదు, తెరుచుకునే ఉండిపోతుంది. డ్రైవర్‌తో కొట్టిన బాల్ ఏ దిక్కున బయల్దేరాలో ప్రధానంగా తేల్చేది ఇంపాక్ట్‌లో ఫేస్ చూసే దిక్కే. ఫేస్ తెరిచి, స్వింగ్ దారి ఎడమకు ఉంటే బాల్ కుడికి తిరుగుతుంది, ఎంత మెల్లగా కొట్టినా సరే.

దూరం తగ్గించుకుంటే గురి దానంతటదే రాదు. కాగితం మీద వేసినా తెలుస్తుంది. ఆరు డిగ్రీలు పక్కకు బయల్దేరిన బాల్ 160 గజాల దగ్గర సుమారు 17 గజాలు తప్పుతుంది, 195 దగ్గర 20న్నర. మూడున్నర గజాల తేడా. హైబ్రిడ్ నేరుగా పోవడానికి పెద్ద కారణాలు దాని లాఫ్టూ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) పొట్టి షాఫ్టూ (కర్ర). లాఫ్ట్ ఎక్కువైన కొద్దీ బాల్ పక్కకు వంగడం తగ్గుతుంది. ఈ ఎరుకతోనే మళ్లీ డ్రైవర్ దగ్గరికి వచ్చాను.

నీలం చుక్కలు

వైట్‌బోర్డ్ మార్కర్ ఒకటి కొని, ప్రతి బాల్ వెనక బఠాణీ గింజంత చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్ వైపు ఉండేలా టీ మీద పెట్టాం. కొట్టగానే ఫేస్ మీద అచ్చు పడుతుంది. ఇరవై బాల్స్. ఏ ఒక్కదాన్నీ "ఇది లెక్కలోకి రాదు" అని తీసెయ్యకూడదని ముందే మాట తీసుకున్నాను. పద్నాలుగు చుక్కలు హీల్ (ఫేస్‌లో షాఫ్ట్‌కి దగ్గరున్న చివర) వైపు గుంపుగా పడ్డాయి, చీమలు పట్టిన బెల్లంముక్కలా. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ఆ ఫేస్ వంక చాలాసేపు చూశారు. "నేను మధ్యలో కొడుతున్నాననే అనుకున్నానండీ" అన్నారు.

హీల్‌లో తగిలిన బాల్‌కి గేర్ ఎఫెక్ట్ (దెబ్బ మధ్యలో తగలకపోతే క్లబ్ హెడ్ తిరిగి బాల్‌కి పక్క స్పిన్ రావడం) వల్ల స్లైస్ స్పిన్ తోడవుతుంది, వేగమూ చస్తుంది. దూరం, గురి రెండూ ఒకే చోట లీకవుతున్నాయి. అంటే ఒకే మరమ్మతుతో రెండూ బాగుపడే వీలుంది. దూరం కావాలంటే గురి వదులుకోవాలి, గురి కావాలంటే దూరం వదులుకోవాలి అని మనం ఊరికే అనుకుంటాం. హ్యాండిక్యాప్ ఇరవై దగ్గరున్న చాలామందికి ఇంకా ఆ బేరం దాకా రానే లేదు. బాల్ ఫేస్ మధ్యలో తగలడం మొదలైతే రెండూ కలిసే వస్తాయి. బేరం ఆ తర్వాతి సంగతి.

మార్చినవి మూడే. గ్రిప్ మీద అంగుళం కిందికి పట్టుకోమన్నాను, నిలబడే చోటు మార్చకుండా. క్లబ్ హెడ్ ఆ మేరకు ఆయన వైపుకి వస్తుంది, దెబ్బ హీల్ నుంచి మధ్యకి జరుగుతుంది. ఎడమచేతి గ్రిప్ బలహీనంగా ఉంది, పైనుంచి చూస్తే రెండు మెటికలు కనపడేదాకా తిప్పాం. ఇక డ్రైవర్ 9.5 డిగ్రీలది. మెడ దగ్గర స్క్రూ తిప్పి 11కి పెంచాం. అలా పెంచితే ఫేస్ కాస్త మూసుకుంటుంది కూడా, స్లైస్ కొట్టేవాళ్లకి అది అచ్చంగా కావలసిందే. 89 మైళ్ల వేగానికి 9.5 లాఫ్ట్ ఎవరు అంటగట్టారో గానీ, మన రేంజ్‌లలో ఇలాంటివి రోజూ చూస్తుంటాను. తక్కువ లాఫ్ట్ మగతనం అన్నట్టు అమ్ముతారు. ఆ వేగంలో బాల్ గాల్లో నిలబడాలంటే లాఫ్ట్ కావాలి.

బలం తగ్గించుకోవడమన్న మాట పూర్తిగా మానేశాను. "చివరిదాకా తిరగండి సార్, బెల్టు బకిల్ టార్గెట్ వైపు చూడాలి" అన్నదొక్కటే చెప్పేవాణ్ని. నడుము వల్ల రోజుకి 40 బాల్స్ దాటనివ్వలేదు.

ఐదు వారాల తర్వాత మళ్లీ ఇరవై బాల్స్. మొదటిసారి ఎడమ చివరి బాల్‌కీ కుడి చివరి బాల్‌కీ మధ్య 72 గజాలు, గుంపు నడిమి భాగం గురికి 22 గజాలు కుడికి. ఈసారి వెడల్పు 54, నడిమి భాగం 10 గజాలే కుడికి. గాల్లో 195, దొర్లాక 215. స్లైస్ పోలేదు, ఫేడ్ (కుడికి కాస్తే వంగే షాట్) అయింది. దాన్ని డ్రాగా (ఎడమకు వంగే షాట్‌గా) మార్చాలని నేను ప్రయత్నించలేదు. ఎటు పోతుందో తెలిసిన ఫేడ్ ఈ వయసులో ఆయనకు చాలు.

ట్రేసింగ్ పేపర్

ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఆయన చేసింది, నేను కాదు. 54 గజాల వెడల్పు అని చెప్పి, ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ మీద హోల్ హోల్‌కీ వెడల్పులు కొలుద్దాం అన్నాను. రెండు రోజుల తర్వాత ఆయన మొత్తం కోర్సును స్కేలు ప్రకారం పెద్ద కాగితాల మీద ప్రింట్ తీయించి తెచ్చారు. దాంతో పాటు ఒక ట్రేసింగ్ పేపర్ ముక్క. దాని మీద అదే స్కేలులో ఎర్ర పెన్సిల్‌తో కోడిగుడ్డు ఆకారం, వెడల్పు సరిగ్గా 54 గజాలు. పక్కన హైబ్రిడ్‌కి ఇంకో చిన్న గుడ్డు, 38 గజాలు. "కాలవ డిజైన్ కూడా ఇంతేగా మాస్టారూ, వరద ఎంత వస్తుందో తెలిస్తే గట్టు ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది" అన్నారు.

క్లబ్‌హౌస్ బల్ల మీద పరచి, ఆ గుడ్డును ఒక్కో హోల్ మీద జరుపుతూ కూర్చున్నాం. 11వ హోల్ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. హైబ్రిడ్ పడే 172 గజాల దగ్గర గోడకీ ఎడమ వేపచెట్లకీ మధ్య 46 గజాలే. డ్రైవర్ పడే 215 దగ్గర చెట్లు వెనక్కి తగ్గి 60 గజాలుంది. ఏడాదిగా ఆయన జాగ్రత్త పేరుతో బాల్‌ని ఇరుకు చోట వేస్తున్నారు.

ఇక గురి ఎక్కడ? గోడ దాటితే రెండు స్ట్రోకులు, వేపచెట్ల కింద పడితే అర స్ట్రోకు. రెండూ సమానం కానప్పుడు మధ్యలోకి గురిపెట్టడం తప్పు. గోడకు 47 గజాలు ఎడమగా గురిపెట్టమన్నాను. ఫేడ్ పదిగజాలు లాక్కొస్తే గుంపు నడిమి భాగం గోడకు 37 గజాల దూరంలో పడుతుంది. కుడి చివరి బాల్‌కి కూడా పది గజాల వెసులుబాటు. ఎడమ చివరివి ఒకటో రెండో చెట్ల కిందికి పోతాయి, పోనీ. టీ బాక్స్‌లో కుడి అంచున టీ గుచ్చమన్నాను, గోడకు దగ్గరగా. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, అక్కడ నిలబడితే కళ్లు వాటంతటవే ఎడమకు, గోడకు దూరంగా చూస్తాయి.

అలా 14 హోల్స్‌కి కార్డు తయారైంది. తొమ్మిదింటికి డ్రైవర్, రెండింటికి త్రీ వుడ్, మూడింటికి హైబ్రిడ్. ఆ మూడు చోట్లా డ్రైవర్ పడే చోటే ఇరుకు: ఒకచోట రెండువైపులా బండరాళ్లు, రెండుచోట్ల నీళ్లు. గోల్కొండ నయా ఖిల్లా కోర్సులోనో గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లోనో ఆడినవాళ్లకు చెప్పనక్కర్లేదు, మన దక్కన్ నేల మీద ఫెయిర్‌వే పక్కన ఏముందన్నది హోల్ హోల్‌కీ మారిపోతుంది.

ఆయన టీవీలో ఆట బాగా చూస్తారు. ఆ రోజే అడిగారు: 2020లో అమెరికాలోని వింగ్డ్ ఫుట్ కోర్సులో బ్రైసన్ డిషాంబో 56 ఫెయిర్‌వేలలో 23 మాత్రమే కొట్టి యూఎస్ ఓపెన్ ఆరు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. 2006లో ఇంగ్లండ్‌లోని హోయ్‌లేక్‌లో టైగర్ వుడ్స్ వారమంతా ఒక్కసారే డ్రైవర్ తీసి, ఐరన్లతో (డ్రైవర్ కంటే పొట్టి క్లబ్‌లతో) టీ షాట్లు కొట్టి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. మరి ఎవరిది రైటు?

నా జవాబు: ఇద్దరూ అడిగింది ఒకే ప్రశ్న, తప్పితే ఏముంది అని. వింగ్డ్ ఫుట్‌లో ఫెయిర్‌వేలు ఎంత ఇరుకంటే అందరూ రఫ్‌లోనే పడుతున్నారు. అలాంటప్పుడు గ్రీన్‌కి దగ్గర రఫ్ మేలు, అందులోంచి వెడ్జ్‌తో తవ్వి తీసే కండబలం అతనికుంది. హోయ్‌లేక్‌లో ఆ వేసవి నేల ఎండి గట్టిపడి, ఐరన్‌తో కొట్టిన బాల్ కూడా దొర్లుకుంటూ పోతోంది. లోతైన ఫెయిర్‌వే బంకర్లో (ఇసుక గుంటలో) పడితే పక్కకు తీసుకోవడమే. అది మన మూడో గడి. ఆ గడిని టైగర్ ఖాళీగా ఉంచుకున్నాడు.

ఆ తర్వాత నాలుగు రౌండ్లు

నవంబరు, డిసెంబరులో ఆడినవి. 56 టీ షాట్లలో ఫెయిర్‌వే 27, ఆడదగ్గ రఫ్ 24, చిక్కు 3, పెనాల్టీ 2. స్కోర్లు 92, 94, 89, 93. సగటు 92. ఫెయిర్‌వేలు 38 నుంచి 27కి పడిపోయాయి, స్కోరు ఐదు స్ట్రోకులు దిగింది. రెగ్యులేషన్‌లో (పార్‌కి ఇంకా రెండు స్ట్రోకులు మిగిలి ఉండగానే) చేరిన గ్రీన్లు నాలుగు రౌండ్లలో కలిపి 5 ఉండేవి, 13 అయ్యాయి. 11వ హోల్ నాలుగుసార్లూ డ్రైవర్‌తోనే ఆడారు. ఒకసారి వేపచెట్ల కింద పడింది, గోడ ఒక్కసారీ దాటలేదు.

ఇదంతా టీ షాట్ల చలవే అని నేను చెప్పను. వానలు తగ్గి నేల ఆరింది, రఫ్ పలచబడింది. ఆగస్టులో తడి గడ్డిలో రఫ్ ఇంకా ఎక్కువ నష్టం చేసేది. నాలుగు రౌండ్లు చాలా తక్కువ, మనిషి ఒక్కరే. పుట్‌ల సంఖ్య ఇంచుమించు మారలేదు కాబట్టి లాభం గ్రీన్ చేరేలోపే వచ్చిందని మాత్రం ధైర్యంగా చెప్పగలను. దానిలో పెద్ద వాటా త్రీ వుడ్‌ని నేల మీద నుంచి కొట్టాల్సిన అవసరం తగ్గడంలో ఉందని నా నమ్మకం.

94 కొట్టిన రోజు ప్లాన్ చెదిరింది కూడా. 16వ హోల్‌లో డ్రైవర్ ఓబీ పోయింది. 17వ టీ మీద కార్డులో డ్రైవర్ అని రాసి ఉన్నా, టెన్షన్‌లో హైబ్రిడ్ లాగారు. టాప్ అయి 60 గజాలు పాకింది. రౌండ్ అయ్యాక ఆ సంగతి ఆయనే చెప్పారు, చాలా బాధపడుతూ. గుంపు వెడల్పు 54 గజాలంటే ఇరవైలో ఒకటో రెండో ఆ అంచుల్లోనే పడతాయి, అది స్వింగ్ పాడవడం కాదు అని చెప్పాను. ఆ మాట మనసుకి ఎక్కాలంటే ఇంకా రౌండ్లు పడతాయి. అందుకే కార్డు క్యాడీ చేతికిచ్చాం. టీ మీదికి రాగానే కార్డులో ఉన్న క్లబ్ అతనే తీసి అందిస్తాడు.

ఏప్రిల్‌లో మళ్లీ ఇరవై బాల్స్ పరీక్ష ఉంది. అప్పటికి నేల రాయిలా అవుతుంది, డ్రైవర్ 215 కాదు, ఇంకో ఇరవై పైన దొర్లొచ్చు. 7వ హోల్‌కి అడ్డంగా 225 గజాల దగ్గర కాలవ ఉంది. ఇప్పటికి అక్కడ డ్రైవరే. కార్డు మీద మిగతా పదమూడు హోల్స్ పెన్నుతో రాసి ఉన్నాయి, 7వది మాత్రం పెన్సిల్‌తో రాశారాయన.